రోడ్డూ కారూ కలిసి వచ్చిన దేశం

సేఫ్టీ ఆఫీసర్: అన్నా, ఆ పాత అమెరికా కార్లు అందంగా లేవని ఎవరూ అనలేరు. 1959 కాడిలాక్ వెనక రెక్కలు చూస్తే చూపు తిప్పుకోవడం నా వల్ల కూడా కాదు. నా పేచీ అందంతో కాదు. లోపల కూర్చున్నవాళ్లను కాపాడలేని యంత్రాన్ని, అందంగా ఉందన్న ఒక్క కారణంతో ఇంకా రోడ్డెక్కిస్తున్నారు చూడండి, దాంతో.

మెకానిక్: అందమే కావాలంటే గోడకి బొమ్మ తగిలించుకుంటే సరిపోయేది తమ్ముడూ. మస్కట్ వాదీ కబీర్‌లో మా షెడ్డుకి పాత షెవర్లే తెచ్చే ఒమనీ ఎవడూ ముందుగా రంగు సంగతి ఎత్తడు. "ఇది మా నాన్న బండి" అంటాడు. ఆ మాట బరువు తెలియాలంటే ఈ దేశానికి రోడ్డు ఎప్పుడు వచ్చిందో చూడాలి. 1970 జూలై 23న సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కేనాటికి ఒమన్ మొత్తమ్మీద తారు రోడ్డు పది కిలోమీటర్లు, మస్కట్‌కీ మత్రాకీ మధ్య. కారు తెప్పించుకోవాలంటే పాత సుల్తాన్ అనుమతి ఉండాలి. చీకటిపడితే మస్కట్ కోట తలుపులు మూసేసేవారు. ఆ తర్వాత వీధిలో నడిచేవాడి చేతిలో లాంతరు ఉండి తీరాలి. అలాంటి ఊళ్లో గాడిద మీదా, ఒంటె మీదా సరుకు మోసినవాడు అదే జన్మలో వీ8 ఇంజన్ ఉన్న కారు తాళం చేతిలో పట్టుకున్నాడు. మన దగ్గర ఎడ్లబండి, రైలు, సైకిలు, బస్సు, స్కూటరు అన్నీ వరసగా వచ్చాక కారు వచ్చింది. ఇక్కడ రోడ్డూ కారూ కలిసి వచ్చాయి. అందుకే ఆ కారు వాళ్లకి వాహనం ఒక్కటే కాదు, వాళ్ల ఇంటి చరిత్ర.

సేఫ్టీ ఆఫీసర్: ఇంటి చరిత్ర అన్నారు, సరే. కానీ ఆ కార్లను కన్నతల్లి అమెరికానే వదిలించుకుంది. 1965లో రాల్ఫ్ నాడర్ అనే ఆయన పుస్తకం రాసి, కార్ల కంపెనీలు మనుషుల ప్రాణాలకంటే స్టైలుకి ఎక్కువ ఖర్చు పెడుతున్నాయని బయటపెట్టాడు. మరుసటేడే అక్కడ వాహన భద్రతా చట్టం వచ్చింది. ఆ తర్వాత 1973.

మెకానిక్: 1973 గురించి నేనే చెప్పాలనుకున్నాను. అరబ్బులు చమురు ఆపారు, పీపా ధర మూడు డాలర్ల దగ్గర్నుంచి కొద్ది నెలల్లోనే పన్నెండుకి చేరువైంది. డెట్రాయిట్‌లో పెద్ద ఇంజన్లకి అక్కడే ఊపిరి ఆగింది. 1977 వచ్చేసరికి షెవర్లే తన పెద్ద కార్లను కూడా కోసి చిన్నవి చేసింది. కానీ అదే ధర ఇక్కడ ఏం చేసింది? ఒమన్ 1967లోనే చమురు ఎగుమతి మొదలుపెట్టింది. పెరిగిన ధర తెచ్చిన డబ్బే ఇక్కడ రోడ్డయింది, బడయింది, ఆసుపత్రయింది. అక్కడ ఆ కార్ల పీక నొక్కిన ధరే ఇక్కడ వాటికి దారి పరిచింది. పెట్రోలు పొదుపు చెయ్యాలని అమెరికావాడు వదిలేసిన సైజు కారుని పెట్రోలు పుట్టిన చోట జనం ఆదరించారు. అందులో వింతేముంది?

సేఫ్టీ ఆఫీసర్: వింత లేదు. బాధ ఉంది. ఆ రోడ్లు వేసినవాళ్లలో భారతీయులు ఎంతమంది? ఎండలో తారు పోసినవాళ్లు, క్యాంపుల్లో పడుకున్నవాళ్లు? వాళ్ల జ్ఞాపకాల్లో షెవర్లే కాప్రిస్ కారు లేదు, కంపెనీ లారీ వెనక చెక్క బల్ల ఉంది. కారు ఉన్నవాడి జ్ఞాపకానికి క్లాసిక్ అని పేరు పెట్టి, లేనివాడి జ్ఞాపకానికి ఏ పేరూ పెట్టకపోతే అది సగం చరిత్రే.

మెకానిక్: సగమే. ఒప్పుకుంటాను. కానీ ఆ మిగతా సగం ఎక్కడుందో చెప్పనా? ఆ బండి బానెట్ కింద ఉంది. అర్బాబ్, అంటే యజమాని, నడిపాడు నిజమే, దాన్ని నడిచేలా ఉంచింది ఎవరు? కడప నుంచీ, కరీంనగర్ నుంచీ, కోనసీమ నుంచీ, కేరళ నుంచీ వచ్చిన చేతులు. యాభై ఏళ్ల కారు ఇవాళ సెల్ఫ్ కొడితే స్టార్టయిందంటే అందులో మనవాళ్ల పని ఉంది. దాన్ని తుక్కుకి పంపితే అర్బాబ్‌కి ఫొటో మిగులుతుంది. మనకి ఏదీ మిగలదు.

సేఫ్టీ ఆఫీసర్: ఆ మాట గట్టిదే. దానికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. కానీ నా వాదం ఇంకా మొదలే కాలేదన్నా. 2009లో అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీల హైవే భద్రతా సంస్థ ఒక పరీక్ష చేసింది. 1959 షెవర్లే బెల్ ఎయిర్‌నీ 2009 షెవర్లే మాలిబునీ గంటకి 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా, ఒక పక్కకి జరిపి గుద్దించారు. బెల్ ఎయిర్ ముందు భాగం నలిగి డ్రైవర్ మీదకే వచ్చేసింది. లోపల బొమ్మ కాకుండా మనిషి ఉండుంటే బతికేవాడు కాదు. మాలిబు డ్రైవర్‌కి కాలికి చిన్న దెబ్బ. పాత రేకు మందం, పాత కారు ఉక్కుకోట అని చెప్పుకునేదంతా ఆ ఒక్క గుద్దుతో పోయింది.

మెకానిక్: ఆ వీడియో చూశాను. ఆ ఏడాది షెవర్లేకి ఎక్స్ ఆకారపు చాసిస్, పక్కన దూలాలుండవు, అందుకే అంతగా నలిగింది అంటారు మా వాళ్లు. నేను ఆ సాకు చెప్పను. ఏ చాసిస్ అయినా ఫలితం పెద్దగా మారదు. 1967కి ముందు బండ్లలో స్టీరింగ్ కడ్డీ మడవదు. ముందు నుంచి దెబ్బ తగిలితే అది తిన్నగా గుండెల్లోకి వస్తుంది. నేను ఆ కడ్డీలు విప్పి చూసినవాణ్ణి. నాకు తెలియక కాదు.

సేఫ్టీ ఆఫీసర్: తెలిసీ తాళం చేతికిస్తున్నారు. మూడు చోట్ల బిగించే బెల్టుని వోల్వో 1959లోనే కార్లలో పెట్టింది. ఆ ఏడాదే డెట్రాయిట్ తన రెక్కలు అన్నింటికంటే ఎత్తుగా పెంచింది. ఎవరు దేని మీద మనసు పెట్టారో అక్కడే తెలిసిపోతుంది. 2012లో ఈ చిన్న దేశంలో రోడ్ల మీద వెయ్యి మందికి పైగా చనిపోయారు. అప్పటి నుంచి ఆ లెక్క బాగా తగ్గింది. ఊరికే తగ్గలేదు. కెమెరాలు, జరిమానాలు, బెల్టు, ఎయిర్‌బ్యాగ్, డబుల్ రోడ్లు అన్నీ కలిస్తే తగ్గింది. ఆదం నుంచి థుమ్రైత్ దాకా ఎడారి మధ్య రోడ్డు మీకు తెలుసు. రాత్రి పూట ఒంటె దారిలోకొచ్చి నిలబడితే నేటి కారు లైటుకి ముందే కనిపిస్తుంది, బ్రేకు నొక్కితే చక్రం పట్టేయకుండా ఆగుతుంది. మీ షెవర్లే ఇంపాలాకి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు. రెండుసార్లు గట్టిగా నొక్కితే వేడెక్కి జారిపోతాయి. ఆ ప్రమాదం యజమాని ఒక్కడిదే అయితే ఆయన ఇష్టం అనేవాణ్ణి. ముందు వెళ్లే లేబర్ బస్సులో ముప్పై మంది ఉంటారు. ప్రమాదంలో పోయిన మనిషి పెట్టె ఊరికి పంపడానికి ఎన్ని కాగితాలు కావాలో, ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాలో నా ఉద్యోగంలో నేర్చుకున్నాను. ఎవరికీ నేర్చుకోవలసిన అవసరం రాకూడని పని అది.

మెకానిక్: తమ్ముడూ, ఆ ఫోన్ సంగతి మీద నేను వాదించను.

కానీ ఒక ప్రశ్న వేస్తాను. ఆ వెయ్యి మందిలో పాత అమెరికన్ కారు వల్ల పోయింది ఎవరు? వేగంగా పోయిందీ, ఫోన్ చూస్తూ నడిపిందీ కొత్త కార్లలో. నా దగ్గరి పాత బండ్లు శుక్రవారం పొద్దున్నే ఎండ ముదరకముందు బయటికొస్తాయి, సముద్రం ఒడ్డున కార్నిష్ రోడ్డు దాకా పోయి తిరిగొస్తాయి. యజమానికి ఆ రేకు మీద చిన్న గీత పడినా నిద్ర పట్టదు. వాడంత జాగ్రత్తగా ఈ మస్కట్‌లో బండి నడిపేవాడు ఇంకొకడు లేడు.

సేఫ్టీ ఆఫీసర్: యజమాని జాగ్రత్తపరుడే. ఆయన కొడుకు? అదే బండిని మార్చి వేగం పెంచి హాట్‌రాడ్ చేస్తాడు. హాట్‌రాడ్ అన్న మాటలోనే వేగం ఉంది. ఇంజన్ పెంచి, సైలెన్సర్ పీకి, టైర్లు కాల్చే కుర్రాడు ఆ జాగ్రత్తలోంచి పుట్టలేదు.

మెకానిక్: హాట్‌రాడ్ పుట్టింది కూడా రోడ్డు మీద కాదు. 1932లో ఫోర్డ్ మామూలు జనం కొనగలిగే ధరకి వీ8 ఇంజన్ ఇచ్చింది, 65 హార్స్‌పవర్. ఆ బండ్లు పాతబడి చవకైనప్పుడు కాలిఫోర్నియా కుర్రాళ్లు కొని, మడ్‌గార్డులు పీకి, బరువు తగ్గించి, ఎండిన చెరువుల మీద పరిగెత్తించారు. మురోక్ అని ఒక ఎండు చెరువు. 1937లో అక్కడి క్లబ్బులన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. ఎందుకో తెలుసా? పద్ధతి కోసం, ప్రమాదాలు తగ్గించడం కోసం. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు విమానాలూ ట్యాంకులూ బాగుచేసిన చేతులతో ఇందులోకి దిగారు. వీధిలో పందేలు ఆపించి మైదానంలోకి తేవడానికే 1951లో ఇంకో సంఘం పుట్టింది. అంటే నువ్వు చేసే ఉద్యోగమే, వాళ్లు డెబ్భై ఏళ్ల కింద చేశారు.

ఇక ఇక్కడి సంగతి. ఒమన్‌కి ఎండిన చెరువు అక్కర్లేదు, బిదియాలో ఇసుక కొండలున్నాయి. అక్కడ కొండెక్కే పోటీలు చూశావు కదా. నిస్సాన్ పెట్రోల్ బాడీలో షెవర్లే ఎల్‌ఎస్ ఇంజన్ దించి, చుట్టూ ఇనుప పంజరం కట్టి, నిట్టనిలువు ఇసుక మీదకి కొడతారు. జపాన్ శరీరం, అమెరికా గుండె, ఒమన్ ఇసుక. అసలు సిసలు హాట్‌రాడ్ అంటే నా లెక్కలో అదే.

సేఫ్టీ ఆఫీసర్: బిదియా మీద నాకు అభ్యంతరం లేదు. హెల్మెట్ ఉంది, పంజరం ఉంది, ఎదురుగా బస్సు లేదు. అయితే మీ మాట మీకే అడ్డొస్తోందన్నా. హాట్‌రాడ్ అంటే మార్చడం. పాతదాన్ని ఉన్నదున్నట్టు దాచుకోవడం కాదు. అలాంటప్పుడు నాన్న ఇంపాలాకి ముందు డిస్క్ బ్రేకులు వేయండి, మూడు చోట్ల బెల్టు వేయండి, మడిచే స్టీరింగ్ కడ్డీ వేయండి. కావాలంటే అదే ఎల్‌ఎస్ ఇంజన్ దించండి, పెట్రోలు తక్కువ తాగుతుంది, పొగ తక్కువ. అప్పుడు నా సగం అభ్యంతరాలు పోతాయి. వింతగా ఉంది, మీకంటే నేనే హాట్‌రాడ్ పక్షాన ఉన్నట్టున్నాను.

మెకానిక్: నీ వాదనల్లో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది ఇదే. ఎందుకంటే నా చెయ్యి ఆ పనికి సులభంగా వెళ్లదు. కాలిఫోర్నియా కుర్రాడు కోసిన ఫోర్డ్ అప్పటికి ఉత్త పాత బండి, వీధికి పది ఉండేవి. కోస్తే ఏమీ పోలేదు. ఇవాళ మస్కట్‌లో ఇంజన్ నంబరూ బాడీ నంబరూ కలిసే పాత షెవర్లే ఎన్ని మిగిలాయి? ఆ ఇంజన్ తీసేసి కొత్తది పెడితే బండి బాగా పోతుంది. కానీ అది వాడి నాన్న నడిపిన బండి కాదు, నాన్న చొక్కా తొడుక్కున్న ఇంకెవరో.

పనిగా చెప్పనివ్వు. పాత షెవర్లే డిస్ట్రిబ్యూటర్ మూతకి పక్కన చిన్న కిటికీ ఉంటుంది, రేకు తలుపుతో. ఇంజన్ నడుస్తుండగానే ఆ తలుపు ఎత్తి, చిన్న ఆలెన్ కీ లోపలికి పెట్టి మర కుడివైపు తిప్పుతాం. తిప్పుతూ పోతే ఒకచోట ఇంజన్ తడబడుతుంది, ఒక సిలిండర్ మాట తప్పుతుంది. అక్కడ ఆగి అర చుట్టు వెనక్కి తిప్పాలి. అంతే, నిప్పు పుట్టించే పాయింట్లు సెట్. మీటర్ లేకుండా, కంప్యూటర్ లేకుండా, చెవితో. ఒకటి, ఎనిమిది, నాలుగు, మూడు, ఆరు, ఐదు, ఏడు, రెండు. ఆ ఎనిమిది సిలిండర్లు పేలే వరస అది. 1955లో ఆ చిన్న వీ8 మొదలైనప్పటి నుంచి దశాబ్దాల తరబడి వరస మారలేదు. ఆ ఇంజన్లు పది కోట్లు దాటాయని కంపెనీయే చెప్పుకుంది. కుర్రాడికి ఆ వరస నేర్పితే నిప్పు ఎక్కడ పుడుతోందో, గాలి ఎక్కడ తగ్గుతోందో మనసులో కనిపిస్తుంది. కొత్త కారులో ఏం నేర్పను? స్కానర్ పెట్టు, కోడ్ చదువు, డబ్బా మార్చు.

సేఫ్టీ ఆఫీసర్: ఇక్కడ మీ మాట నిజం. మా కంపెనీ బండ్లలో చూస్తున్నాను. బంపర్‌కి చిన్న దెబ్బ తగిలితే లోపలి సెన్సర్‌తో సహా మొత్తం మార్చాలంటారు. గేర్‌బాక్స్ విప్పడానికి వీల్లేదు, కొత్తది వేయాలంటారు. సాఫ్ట్‌వేర్ తాళం డీలర్ చేతిలో ఉంటుంది. మనిషి ప్రాణం కాపాడే కారుని మనిషి బాగుచేసుకోలేకుండా చేశారు. అది తప్పే. రిపేరు చేసుకునే హక్కు కోసం నేనూ మాట్లాడతాను. కానీ దానికి మందు పాత కారు కాదన్నా, కొత్త కారుని విప్పగలిగేలా చేయమని అడగడం.

మెకానిక్: అడగాలంటే విప్పడం తెలిసినవాడు ఉండాలి కదా. అది ఎక్కడ నేర్చుకుంటాడు? 2007లో గోను తుఫాను వచ్చినప్పుడు మస్కట్ వాదీలన్నీ, అంటే వాగులన్నీ, పొంగి కార్లు కొట్టుకుపోయాయి. ఆ తర్వాత వారాల తరబడి మాకు అదే పని. నీళ్లు తాగిన కొత్త కార్లకి వైరింగూ కంప్యూటరూ పోయి చాలా వాటికి ఇన్సూరెన్స్ వాళ్లు తుక్కు రాసేశారు. పాత బండికి బురద కడిగి, ఆయిల్ మార్చి, ప్లగ్గులు విప్పి, డిస్ట్రిబ్యూటర్ ఎండబెడితే లేచి నడిచింది.

సేఫ్టీ ఆఫీసర్: నీళ్లకి సరే. వేడికి? 2018 జూన్‌లో ఖురయ్యాత్‌లో రాత్రంతా కలిపి ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కిందకి దిగలేదు. ఇరవై నాలుగు గంటల్లో అతి తక్కువ వేడి అంత ఎక్కువగా ఉండటం అప్పటికి ప్రపంచంలోనే ఎక్కడా నమోదు కాలేదు. ఆ ఊరు ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఆ వేడిలో మీ కార్బొరేటర్‌లో పెట్రోలు మరిగి బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది.

మెకానిక్: ఆగుతుంది. కార్బొరేటర్ కింద మందమైన బేకలైట్ ముక్క వేస్తాం, పెట్రోలు ట్యూబుకి వేడి తగలకుండా చుడతాం, పంపు ట్యాంకు దగ్గరికి మారుస్తాం, రేడియేటర్ నాలుగు వరసలది పెడతాం. దానికీ పనితనం ఉంది.

సేఫ్టీ ఆఫీసర్: పనితనం ఉంది. కానీ ఆ వేడి ఎక్కడి నుంచి వస్తోంది? అది అడగకుండా ట్యూబు చుట్టడం దగ్గర ఆగిపోతున్నాం. పెద్ద ఇంజన్ బండి లీటరుకి ఐదు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. ఇక్కణ్ణుంచి సలాలా వెయ్యి కిలోమీటర్లు, అంటే 200 లీటర్లు. 2025లో ఉన్నట్టు సూపర్ పెట్రోలు లీటరు 239 బైసాల లెక్కన దాదాపు 48 రియాళ్లు, ఒక్క వైపుకే. మన లేబర్ కుర్రాడికి అది సగం నెల జీతం దాకా ఉంటుంది. డబ్బు ఉన్నవాడు పెట్టుకుంటాడు, సరే. చమురు మీద బతికే ఒమనే 2050 నాటికి కర్బనం లెక్క సున్నాకి తెస్తానని 2022లో ప్రకటించింది. ఆ దేశం భవిష్యత్తుని ఒకవైపు చూస్తుంటే, మనం ఎనిమిది సిలిండర్ల చప్పుడుకి చప్పట్లు కొడుతూ కుర్రాళ్లకి ఏం చెబుతున్నాం? మంచి రోజులన్నీ పెట్రోలు వాసనతోనే ఉండేవనా?

మెకానిక్: చప్పుడు సంగతి వదిలెయ్. లెక్కే చూద్దాం. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు తిరిగే బండి కాల్చే పెట్రోలెంత, రోజూ మస్కట్ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక్కడే కూర్చుని పోయే కొత్త ఎస్‌యూవీ కాల్చేదెంత? ఐదేళ్లకొకసారి కొత్త కారు మార్చేవాడి కోసం ఎంత ఇనుము కరుగుతోంది? యాభై ఏళ్లుగా అదే ఇనుము వాడుతున్నవాడిని నువ్వు వేలెత్తి చూపుతున్నావు. సరే, మన ఊరి సంగతే తీసుకో. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్కపోతే మన దగ్గర బస్సులకి వెనక బొగ్గు పొయ్యి తగిలించి గ్యాసుతో నడిపారు. పెద్దవాళ్లు చెప్పుకునే బొగ్గు బస్సులు అవే. జనరల్ మోటార్స్ 1928లోనే బొంబాయిలో కార్లు బిగించడం మొదలుపెట్టి 1954లో మూసేసింది. ఆ తర్వాత మనకి అమెరికా కారు సినిమాలో జమీందారుగారి ఇంపాలాగానే మిగిలింది. అయినా ఆ బండ్ల మీద నేర్చుకున్న చేతులే తర్వాత అంబాసిడర్నీ, ఫియట్‌నీ, ఆ తర్వాత గల్ఫ్‌లో వీటినీ నడిపించాయి. ఇంజన్ దేనితో నడవాలన్నది కాలం మారుస్తుంది. రేపు ఆ ఇంపాలాలో బ్యాటరీ పెట్టమన్నా పెడతాం. విప్పడం, చూడడం, బిగించడం పోతే మాత్రం తిరిగి రాదు.

సేఫ్టీ ఆఫీసర్: అదిగో, ఇందాక ఎల్‌ఎస్ ఇంజన్ వద్దన్నారు, ఇప్పుడు బ్యాటరీ పెడతానంటున్నారు.

మెకానిక్: వద్దనలేదు. చెయ్యి వెళ్లదన్నాను. యజమాని అడిగితే చేస్తాను, మనసు ఒప్పుకోదు. రెండూ నిజమే. ఈ ప్రేమలో ఆ గొడవ మొదటి నుంచీ ఉంది. ఒకడికి ఫ్యాక్టరీ పెట్టిన మర కూడా మార్చకూడదు, ఇంకొకడు ఏదీ మార్చకుండా ఉండలేడు. మా షెడ్డులో ఇద్దరూ పక్కపక్కనే టీ తాగుతారు, ఒకరి బండిని ఒకరు తిట్టుకుంటారు.

సేఫ్టీ ఆఫీసర్: అయితే తేలే చోట తేల్చుకుందాం. మడవని స్టీరింగ్ కడ్డీ ఉన్న బండిలో పిల్లల్ని ముందు సీటులో కూర్చోబెట్టి కార్నిష్ చుట్టూ తిప్పడం ఆపించండి. ముందు సీటు పొడవు బెంచీ, తల వెనక ఆసరా లేదు, నడుం బెల్టు కూడా కొన్నింటికి లేదు. ఫొటో కోసం పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని స్టీరింగ్ పట్టించే తండ్రులున్నారు. మీరు చెబితే వింటారు. నేను చెబితే రూల్ అంటారు, మీరు చెబితే బండి తెలిసినవాడి మాట అంటారు.

మెకానిక్: పిల్లల సంగతి ఒప్పుకున్నాను. బెల్టు వేయించుకోనివాడి బండి ఇకమీదట నేను ట్యూనింగ్ చెయ్యను. బెల్టు బిగించడానికి నేల రేకులో రెండు రంధ్రాలు చాలు, దాంతో ఒరిజినాలిటీ ఏమీ పోదు. బ్రేకుల దగ్గర మాత్రం యజమానితో ఇంకా వాదన జరగాలి, నాతో నాకు కూడా. కానీ నువ్వు కూడా ఒక పని చెయ్యాలి. మీ కంపెనీలో కొత్తగా చేరిన డిప్లొమా కుర్రాళ్లున్నారు కదా, స్కానర్ తప్ప ఏమీ ముట్టుకోనివాళ్లు. శుక్రవారాలు నా దగ్గరికి పంపు. ఆ కిటికీలోంచి పాయింట్లు సెట్ చేయడం నేర్పిస్తాను.

సేఫ్టీ ఆఫీసర్: పంపిస్తాను. నేర్చుకోవలసిన పనే. కానీ నా మాట నేను వెనక్కి తీసుకోవడం లేదన్నా. మా కుర్రాళ్లు మీ షెడ్డులో ఆ బండి విప్పుతారు, బిగిస్తారు, స్టార్ట్ చేస్తారు. ముందు చక్రాలకి డిస్కులు పడేదాకా అందులో రోడ్డు మాత్రం ఎక్కరు.